కాన్పూరు: రెండు కల్లోలాలు, ప్రభుత్వం, పత్రికలు

కాన్పూరు పేరు వినగానే చరిత్ర విద్యార్థులకు 1857 గుర్తుకు వస్తుంది. కాని పట్టణాలలో చెలరేగే అల్లర్ల యెడల ప్రభుత్వం ఎలా వ్యవహరిస్తుంది, పత్రికలు ఏమి చేస్తాయి, ఆ పత్రికలను ప్రభుత్వం ఏమి చేస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం వెదికేవారు ఆ నగర చరిత్రలోనే మరి రెండు తేదీలను పరిశీలించవలసి ఉంటుంది. ఒకటి 1913 ఆగస్టు 3. రెండవది 1931 మార్చి 24. ఈ రెండింటి మధ్య పదునెనిమిది సంవత్సరాల ఎడం కూడా లేదు. మొదటిది ప్రభుత్వానికీ ముస్లిములకూ మధ్య జరిగిన ఘర్షణ. రెండవది హిందూ ముస్లిముల మధ్య జరిగిన మారణకాండ. సాధారణంగా చరిత్రకారులు వీటిని వేర్వేరు అధ్యాయాలలో చెబుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు విడివిడిగా కనబడని కొన్ని సంగతులు బయటపడతాయి.

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో కాన్పూరు ఉత్తర భారతంలో పెద్ద పారిశ్రామిక కేంద్రం. నూలు మిల్లులు, తోళ్ళ కార్ఖానాలు, వాటి చుట్టూ ఇరుకు సందులు. ఆ సందులను వెడల్పు చేసి కొత్త రోడ్డు వేయాలని నగరాభివృద్ధి పథకమొకటి తయారయింది. ఆ రోడ్డు దారిలో మచ్ఛలీ బజారు మస్జిదుకు చెందిన తూర్పు వైపు దాలాను, అంటే నమాజుకు ముందు వుజూ చేసుకొనే భాగం, అడ్డు వచ్చింది. అదే దారిలో ఒక దేవాలయమూ ఉన్నది. దేవాలయాన్ని వదలిపెట్టాలని అధికారులు నిర్ణయించిన పిమ్మట ముస్లిములలో కలవరం మొదలయింది. దేవాలయాన్ని కాపాడినందుకు వారికి కోపం లేదు. దానికి చూపిన ఔచిత్యం మస్జిదుకు ఎందుకు చూపరాదన్నదే వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జేమ్స్ మెస్టన్ ఇచ్చిన సమాధానం విచిత్రమైనది. ఆ దాలానులో జనం చెప్పులతో నడుస్తున్నారు గనుక అది మస్జిదులో పవిత్రమైన భాగం కాదని ఆయన వాదన.

ఈ వాదనను కొంచెం నిలిచి చూడవలసి ఉన్నది. ఎందుకంటే తరువాత జరిగినదంతా దీని నుండే పుట్టింది. చెప్పులతో నడవడమనేది ఒక స్థలం నమాజు స్థలం అవునా కాదా అన్నదానికి ఆచారరీత్యా గుర్తు కావచ్చు. అది వక్ఫ్ అవునా కాదా అన్నదానికి గుర్తు కానేరదు. వుజూఖానా, ఇమాము నివసించే గది, మస్జిదు ఖర్చుల కోసం కట్టిన దుకాణం, వీటికి మస్జిదు లోపలి భాగానికి ఉన్న విధులన్నీ వర్తించవని హనఫీ ఫుఖహాలే చెప్పారు. అయినంత మాత్రాన అవి ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు తీసుకొనదగిన ఆస్తి కావు. మస్జిదు కోసం వక్ఫ్ చేసిన స్థలాన్ని మరొక దానితో మార్పిడి చేయడానికి కొందరు ఫుఖహాలు అనుమతించినప్పటికీ, దానికి నిర్ణీతమైన షరతులు ఉన్నాయి, ఖాజీ తీర్పు ఉండాలి. కాన్పూరులో ఖాజీ స్థానంలో కూర్చున్నది జిల్లా మేజిస్ట్రేటు టైలర్. షరీఅతు ప్రశ్నకు రోడ్ల శాఖ సమాధానం చెప్పిందన్న మాట. మహమూదాబాద్ రాజా వంటి, ప్రభుత్వానికి ఏ మాత్రం శత్రువు కాని వ్యక్తి కూడా పునరాలోచించమని మెస్టన్‌ను కోరాడు. ‘కామ్రేడ్’ సంపాదకుడు మౌలానా ముహమ్మద్ అలీ మెస్టన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. అంటే ఆపద రాబోతున్నదని ఒక పత్రికా సంపాదకుడు ముందుగానే, నేరుగా, మర్యాదగా ప్రభుత్వానికి తెలియజేశాడు. 1913 జూలై 1న పోలీసుల కాపలాలో దాలానును పడగొట్టారు.

ఆగస్టు 3 ఆదివారం. రమజాను నెల ప్రవేశించడానికి ఒకటి రెండు రోజుల ముందు. ఈద్‌గాహ్‌లో పెద్ద సభ జరిగింది. వేలాది మంది హాజరయ్యారు. మౌలానా ఆజాద్ సుబ్హానీ ప్రసంగించాడు. సభ ముగిసిన తరువాత జనం మస్జిదు వద్దకు వెళ్ళి, కూల్చిన గోడ దగ్గర పడి ఉన్న ఇటుకలను ఒకదానిపై ఒకటి పేర్చసాగారు. సున్నం లేదు, తాపీ లేదు. అది గోడ కట్టడం కాదు, గోడ మాది అని చెప్పడం. పోలీసులతో ఘర్షణ జరిగింది, రాళ్ళు పడ్డాయి. టైలర్ సాయుధ పోలీసులతో వచ్చి కాల్పులకు ఉత్తరువు ఇచ్చాడు. కాల్పులు కొద్ది నిమిషాలు సాగాయి. వాడిన తూటాలు సుమారు 600 అని చెబుతారు. మృతుల సంఖ్య ఇరవైకి లోపేనని ప్రభుత్వం చెప్పింది. ప్రజలలో ప్రచారమైన సంఖ్య దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నూటికి పైగా మనుషులపై దొమ్మీ కేసు పెట్టారు. మెస్టన్ కాన్పూరు వచ్చి పోలీసుల చర్యను సమర్థించాడు. ఆ సంవత్సరం ఆ నగరంలో రమజాను ఎలా గడిచి ఉంటుందో పాఠకులు ఊహించుకొనగలరు.

ఇక పత్రికల విషయం. అలహాబాదు నుండి వెలువడే ‘పయనీర్’ వంటి ఆంగ్లో ఇండియన్ పత్రికలు అధికారుల పక్షం వహించాయి. వాటి దృష్టిలో అది రెచ్చగొట్టబడిన మూక చేసిన అల్లరి. రెచ్చగొట్టినవారు ఉర్దూ పత్రికలవారు. ఈ మాటలో ప్రభుత్వానికి ఒక సౌకర్యం ఉన్నది. పత్రికలు కారణమైతే తూటాలను గురించి విచారించనక్కరలేదు, దాలానును గురించీ విచారించనక్కరలేదు. పత్రికలను విచారిస్తే చాలును.

నిజానికి అప్పటికి ముస్లిం పత్రికల బలం పెరిగి ఉన్న మాట వాస్తవమే. 1911 డిసెంబరులో బెంగాల్ విభజన రద్దు, 1912లో మొదలైన బాల్కన్ యుద్ధం, ఈ రెండూ భారత ముస్లిముల మనస్సులను కలచివేశాయి. కలకత్తాలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912 జూలై 13న ప్రారంభించిన ‘అల్ హిలాల్’ రెండేళ్ళలో వారానికి 26,000 ప్రతులకు చేరిందని ఆయనే చెప్పుకున్నాడు. లాహోరులో జఫర్ అలీ ఖాన్ ‘జమీందార్’ను చదువు రానివారు చదివించుకొని వినేవారు. జఫర్ అలీ ఖాన్ అంతకుముందు హైదరాబాదులో నిజాము ప్రభుత్వోద్యోగం చేసి వెళ్ళినవాడు. కాన్పూరు మృతులపై కవితలు వ్రాసిన మౌలానా షిబ్లీ నూమానీ కూడా హైదరాబాదులో కొన్నేళ్ళు పనిచేసినవాడే. ఆ కవితలు నోటినోటికీ పాకాయి. పత్రికను నిషేధించవచ్చును గాని కంఠస్థమైన పద్యాన్ని జప్తు చేయడం ఏ మేజిస్ట్రేటుకూ సాధ్యం కాదు.

ప్రభుత్వం చేతిలో 1910 నాటి ప్రెస్సు చట్టం ఉన్నది. కొత్తగా ముద్రణాలయం పెట్టేవారు 500 రూపాయల నుండి 2,000 రూపాయల వరకు జామీను కట్టాలి. పాత ముద్రణాలయం నుండి 5,000 వరకు అడగవచ్చు. అభ్యంతరకరమైనదేదైనా అచ్చయితే ఆ జామీను ప్రభుత్వపరం అవుతుంది. మళ్ళీ నడపదలచుకుంటే ఈసారి 1,000 నుండి 10,000 వరకు కట్టాలి. అప్పుడూ ‘తప్పు’ చేస్తే ముద్రణాలయమే పోతుంది. శిక్ష ముందు, హైకోర్టుకు అప్పీలు తరువాత. ఈ చట్టం ఎంత విస్తారమైనదో చెప్పినవాడు ఏ జాతీయ నాయకుడో కాదు, కలకత్తా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్. బాల్కన్ యుద్ధానికి సంబంధించిన ఒక కరపత్రాన్ని జప్తు చేయడంపై ముహమ్మద్ అలీ వేసిన దరఖాస్తులో 1913 సెప్టెంబరులో తీర్పు చెబుతూ, చట్టంలోని పదజాలం ఎంత విశాలంగా ఉన్నదంటే, దాని వలలో పడినవాడు తాను నిర్దోషినని రుజువు చేసుకోవడం దాదాపు అసాధ్యమన్న భావాన్ని ఆయన వ్యక్తపరచాడు. అయినా జప్తును తొలగించలేకపోయాడు. చట్టం అంత బిగువుగా ఉన్నది.

అదే నెల 18న అల్ హిలాల్‌ను 2,000 రూపాయల జామీను కట్టమన్నారు. కాన్పూరుపై అందులో వచ్చిన వ్యాసాలకు ఇది ప్రతిఫలమని అందరూ గ్రహించారు. జమీందార్ జామీను జప్తయింది, తరువాత దాని ముద్రణాలయమూ ప్రభుత్వం చేతికి పోయింది. 1914 నవంబరులో అల్ హిలాల్ జామీను కూడా జప్తు చేసి 10,000 అడిగేసరికి ఆ పత్రిక మూతపడింది.

ఇక్కడ ముస్లిం పత్రికలను గురించి ఒక మాట చెప్పక తప్పదు. వారి ఆగ్రహం న్యాయమైనదే. బాధితుల కోసం విరాళాలు పోగుచేయడంలో, కేసులు నడిపించడంలో వారి సేవ అమూల్యం. పాట్నా నుండి మజ్‌హరుల్ హఖ్ వచ్చి నిందితుల తరఫున వాదించాడంటే దాని వెనుక పత్రికలు సృష్టించిన చైతన్యం ఉన్నది. అయినప్పటికీ, హదీసు శాస్త్రంలో ఒక్కొక్క ఉల్లేఖకుడి జీవితాన్ని జల్లెడ పట్టిన పండితుల వారసులు, వార్త తెచ్చినవాడెవడో విచారించమని సూరె హుజురాత్‌లో ఆదేశం అందుకున్నవారు, కాన్పూరు మృతుల లెక్క విషయంలో ఆ పద్ధతిని పూర్తిగా పాటించలేదు. కర్బలాతో పోల్చడం సులభం. చనిపోయినవాని పేరు, తండ్రి పేరు, వృత్తి, గాయం తగిలిన చోటు, చూసిన సాక్షి, వీటిని ఇంటింటికీ తిరిగి వ్రాసుకోవడం కష్టం. ఆ రెండవ పని జరిగి ఉంటే ప్రభుత్వం చెప్పిన సంఖ్యను ఎదిరించడానికి ఒక గట్టి ఆధారం మిగిలేది. ఉపమానాలు మిగిలాయి, జాబితా మిగలలేదు.

సెప్టెంబరులో ముహమ్మద్ అలీ, ముస్లిం లీగు కార్యదర్శి వజీర్ హసన్ లండను వెళ్ళారు. భారత మంత్రి క్రూ ప్రభువు వారిని కలుసుకోవడానికే నిరాకరించాడు. అయితే ఈలోపల వైస్రాయి హార్డింజ్ ప్రభువు మెస్టన్ కన్నా దూరదృష్టితో ఆలోచించాడు. అంతకు పది నెలల క్రితమే, 1912 డిసెంబరులో, ఢిల్లీ ఊరేగింపులో బాంబు దెబ్బ తిన్నవాడాయన. ముస్లిములను కూడా దూరం చేసుకోవడం రాజ్యానికి క్షేమం కాదని గ్రహించాడు. వైస్రాయి కార్యనిర్వాహక సభ సభ్యుడు సర్ అలీ ఇమామ్, మహమూదాబాద్ రాజా, లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన మౌలానా అబ్దుల్ బారీల ద్వారా రాజీ కుదిరింది. అక్టోబరు 14న హార్డింజ్ స్వయంగా కాన్పూరు వచ్చి నిందితులపై కేసులు ఎత్తివేయించాడు. దాలానును ఎత్తుగా తిరిగి కట్టుకోవచ్చునని, దాని క్రింది నుండి బాటసారులు నడిచే దారి ఉంటుందని ప్రకటించాడు. పైన వుజూ, క్రింద బాట. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పకుండా దాటవేశారు. ఉలమాలలో అందరికీ ఈ రాజీ రుచించలేదు. ఇంగ్లీషువారిలోనూ చాలామంది దీన్ని లొంగుబాటుగా పరిగణించారు.

ఈ రాజీలో లేనిదేమిటో గమనించాలి. కాల్పులపై స్వతంత్ర విచారణ లేదు. కొద్ది నిమిషాలలో అన్ని తూటాలు ఎందుకు పేల్చవలసి వచ్చిందని టైలర్‌ను బహిరంగంగా అడిగినవారు లేరు. బ్రతికి ఉన్నవారు విడుదలయ్యారు, మస్జిదుకు దాలాను వచ్చింది. చనిపోయినవారి లెక్క తేలకుండానే కథ ముగిసింది. ప్రభుత్వానికీ అదే కావలసి ఉండెను. మనవారిలో సంతోషించినవారు కూడా ఆ సంతోషంలో దానిని మరచారు.

హార్డింజ్ వచ్చి వెళ్ళిన తరువాత నెల తిరగకముందే, 1913 నవంబరు 9న, అదే కాన్పూరు నుండి ‘ప్రతాప్’ అనే హిందీ వారపత్రిక వెలువడింది. దాని సంపాదకుడు గణేశ్ శంకర్ విద్యార్థి, ఇరవై మూడేళ్ళ యువకుడు. రైతుల గోడు, మిల్లు కూలీల గోడు వ్రాసిన పత్రిక అది. 1921 జనవరిలో రాయబరేలీ జిల్లాలో రైతులపై కాల్పులు జరిగినప్పుడు, కాల్పులలో ఒక భూస్వామి చేయి ఉన్నదని ప్రతాప్ వ్రాసింది. ఆ భూస్వామి పరువు నష్టం దావా వేశాడు. విద్యార్థి జైలుకు వెళ్ళాడు. కాల్పులు జరిపినవారికి కాక, వాటిని గురించి వ్రాసినవారికి శిక్ష పడడం మరొకసారి జరిగింది. సుమారు 1924 ప్రాంతంలో ‘బల్వంత్ సింగ్’ అనే మారుపేరుతో ఒక పంజాబీ యువకుడు ప్రతాప్‌లో పనిచేశాడు. అతడే భగత్ సింగ్. 1928 జూన్‌లో ‘కీర్తి’ పత్రికలో మత కలహాలపై వ్రాసిన వ్యాసంలో భగత్ సింగ్ నాయకులతో పాటు పత్రికలవారినీ తప్పుపట్టాడు. ప్రజల మధ్య వైరం తగ్గించవలసినవారు దానినే పెంచుతున్నారని అతని ఆరోపణ. 1920ల నాటి ఉర్దూ, హిందీ పత్రికలను తిరగవేసినవారెవరూ దీనిని కాదనలేరు. 1913లో ప్రభుత్వం మోపిన అపవాదును 1920లలో చాలా పత్రికలు తమ ప్రవర్తనతో నిజం చేసి చూపాయి.

1931 మార్చి 23 సాయంత్రం లాహోరు జైలులో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరి తీశారు. మరునాడు కాన్పూరులో హర్తాళ్. ముస్లిం దుకాణదారులను దుకాణాలు మూయమనడం దగ్గర తగాదా మొదలయింది. సాయంత్రానికి అది మతకలహంగా మారింది. తరువాతి కొద్ది రోజులలో వందలాది ప్రాణాలు పోయాయి. నాలుగైదు వందలని అంచనా. ఇళ్ళు తగులబడ్డాయి. మందిరాలు, మస్జిదులు కూడా మిగలలేదు. మత కలహాలను నిరసించిన యువకుని మరణానికి సంతాపం తెలపడం కోసం జరిగిన హర్తాళ్ ఇది!

కొద్ది రోజుల క్రితమే జైలు నుండి విడుదలైన విద్యార్థి వీధిలోకి వెళ్ళాడు. బెంగాలీ మొహల్లాలో చిక్కుకున్న ముస్లిం కుటుంబాలను బయటకు తెచ్చి క్షేమంగా పంపించాడు. మార్చి 25న ముస్లిములు అధికంగా ఉన్న మరొక పేటలో చిక్కుకున్న హిందువుల కోసం వెళ్ళి, అక్కడ మూక చేతిలో హతుడయ్యాడు. ఆయన శరీరం రెండు రోజుల తరువాత ఆస్పత్రిలో శవాల గుట్టలో దొరికింది. ఉదయం ముస్లిం స్త్రీలను, పిల్లలను కాపాడిన చేతులను మధ్యాహ్నం ముస్లిముల గుంపే నరికిందన్న సంగతిని ముస్లిం చరిత్రకారుడు తేలికగా దాటవేయడానికి వీలులేదు. 1913 షహీదులను స్మరించే కలం దీనిని కూడా వ్రాయవలసిందే.

మరి ప్రభుత్వం? ఇక్కడే రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. 1913లో ఇటుకలు పేర్చిన జనంపైకి ఆ నగర పోలీసులు నిమిషాలలో వచ్చారు, నిమిషాలలో కాల్చారు. 1931లో ఇళ్ళు తగులబడుతుంటే, మనుషులను నరుకుతుంటే, అదే నగర పోలీసులు గంటల తరబడి, రోజుల తరబడి చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఇది కాంగ్రెసువారి ఆరోపణ మాత్రమే కాదు. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం ముందు సాక్ష్యమిచ్చిన అన్ని తరగతులవారూ, మిగతా విషయాలలో ఎంత విభేదించినా, పోలీసుల ఉదాసీనత విషయంలో మాత్రం ఏకాభిప్రాయం వెలిబుచ్చారని ఆ సంఘమే నమోదు చేసింది. శాసనోల్లంఘన ఉద్యమంతో విసిగిన అధికారులు, స్వరాజ్యం కోరినవారే శాంతిని కాపాడుకొనండి అన్న ధోరణిలో ఉన్నారని నాడు చాలామంది నమ్మారు. మనస్సులోని ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. కాని కాలవ్యవధి రుజువైనదే. తన ఉత్తరువును ధిక్కరించినప్పుడు ఆ ప్రభుత్వానికి ఉన్న వేగం, ప్రజలు ఒకరినొకరు చంపుకుంటున్నప్పుడు లేదు.

ఆ రోజులలోనే కరాచీలో కాంగ్రెసు మహాసభ జరుగుతున్నది. విద్యార్థి మరణవార్త అక్కడికే చేరింది. మహాసభ తన తరఫున ఒక విచారణ సంఘాన్ని నియమించింది. బాబూ భగవాన్ దాస్ అధ్యక్షుడు, పండిత సుందర్‌లాల్ కార్యదర్శి. హిందువులు, ముస్లిములు కలిసి కూర్చున్న సంఘం అది. వారు కాన్పూరు సంఘటనలతోనే ఆగలేదు. అసలు ఈ రెండు సమాజాల మధ్య వైరం శాశ్వతమైనదా, లేక ఒకానొక కాలంలో పుట్టినదా అని ప్రశ్నించుకొని, శతాబ్దాల సహజీవన చరిత్రను సుదీర్ఘంగా వివరించారు. వైరాన్ని పెంచడంలో పరిపాలనా విధానం పాత్రను వివరించారు. నేటి పరిశోధకుడు వారి ప్రతి అభిప్రాయంతో ఏకీభవించకపోవచ్చు. మధ్యయుగ చరిత్రను వారు కొన్నిచోట్ల అవసరమైన దానికన్నా మృదువుగా చిత్రించారన్న విమర్శకు అవకాశం ఉన్నది. కాని అల్లరి జరిగిన తరువాత ఎవరు ముందు రాయి విసిరారన్న దానితో తృప్తి పడక, రాయి చేతికి ఎలా వచ్చిందని అడిగిన నివేదిక అది.

1910 నాటి ప్రెస్సు చట్టం 1922లో రద్దయింది. 1930లో ఆర్డినెన్సు రూపంలోను, 1931లో ప్రెస్సు అత్యవసర అధికారాల చట్టం రూపంలోను జామీను పద్ధతి తిరిగి వచ్చింది. 1933లో కాన్పూరు విచారణ నివేదిక అచ్చయి వెలువడగానే ప్రభుత్వం దానిని నిషేధించింది. మత వైషమ్యం ఎలా పుట్టిందో వివరించిన గ్రంథంపై నిషేధం పడింది. మత వైషమ్యాన్ని దినదినమూ అమ్ముకొని బ్రతికిన పత్రికలు మాత్రం యథాప్రకారం వెలువడుతూనే ఉన్నాయి. ప్రభుత్వ సంఘం నివేదికను ఎవరైనా చదువుకోవచ్చును. రెండవ నివేదికను చదవదలచినవారు రహస్యంగా ప్రతులు సంపాదించుకోవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి చాలాకాలమయిన తరువాత నేషనల్ బుక్ ట్రస్టు దానిని తిరిగి ముద్రించడంతో అది సామాన్య పాఠకుని చేతికి అందింది.

1913 ఆగస్టు 3కు సంబంధించి తిరిగి ముద్రించడానికి అటువంటి గ్రంథమేదీ లేదు. జప్తయిన పత్రికల సంచికలు, మెస్టన్, హార్డింజ్‌ల లేఖలు, షిబ్లీ కవితలు ఉన్నాయి. ఆనాడు మస్జిదు ఎదుట ఎంతమంది పడిపోయారో చెప్పే లెక్కలు నేటికీ ఒకదానితో ఒకటి కలియవు.